నీళ్ళు బయటికొచ్చే చోటు

మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో చదువుకుంటున్న మా ఆడపడుచు మనవరాలు మొన్న ఫోనులో ఫొటోలు పంపింది. స్కూలువాళ్ళు పిల్లల్ని బస్సులో ఎక్కించి కొండమీది ఊరు చూపించి తీసుకొచ్చారట. నువ్వు చిన్నప్పుడు ఉన్నానని చెప్పే ఊరు ఇదేనా అమ్మమ్మా, అని అడిగింది.

అదే. బురుజుకి కొత్తగా మట్టి మెత్తి, నున్నగా చేసి, తలుపు పెట్టారు. మా రోజుల్లో దానికి తలుపు లేదు, సగం కప్పు లేదు, లోపల గబ్బిలాలుండేవి. గుహ దాకా ఇనపకమ్ములతో మెట్లు కట్టారు. ఊరి మొదట్లో బోర్డు పెట్టి చూడదగ్గ చోట్లన్నీ వరసగా రాశారు. బురుజు, గుహ, రాతిలో గవ్వలు, గులాబీ మళ్ళు, అన్నిటికన్నా చివర నీటి కాలువ. ఆ వరస రాసినవాడికి ఆ ఊరు తెలియదు. అక్కడ ఏది చెప్పాలన్నా నీళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

చివరి ఫొటోలో పిల్లలు నీళ్ళు బయటికొచ్చే చోట గట్టు మీద కూర్చుని, బూట్లు విప్పేసి, కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదా అని అడిగాను. ఎవరంటారు అమ్మమ్మా, అందరూ అలాగే కూర్చున్నారు, అంది. ఇప్పుడు ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి కాబట్టి ఎవరూ ఏమీ అనరు. నన్ను మాత్రం అన్నారు. అదీ నేను చేయని పనికి.

అమ్మ నర్సు. కోనసీమ మనిషి, మిషను ఆస్పత్రిలో పని నేర్చుకుంది. నాన్న నాకు ఊహ తెలియకముందే కామెర్లతో పోయాడు. ఒమన్‌లో ఊరూరా వైద్యశాలలు తెరుస్తున్నారని, నర్సులు కావాలంటున్నారని తెలిసిన ఒకాయన చెప్పి, కాగితాల పనంతా ఆయనే చూసి అమ్మను విమానం ఎక్కించాడు. నన్ను హాస్టల్లో వేశారు. హాస్టలు గురించి ఎక్కువ చెప్పను. అన్నంలో పురుగు కనిపిస్తే పక్కన పెట్టి తినడం, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడవడం అక్కడే నేర్చుకున్నాను. ఏడాది తిరిగాక వేసవి సెలవులకి అమ్మ నన్ను రప్పించుకుంది.

వచ్చిన రోజే అడిగాను, మళ్ళీ అక్కడికే పంపుతావా అని. అమ్మ నా తలకి నూనె రాస్తూ, "మస్కట్‌లో మనవాళ్ళ బడి పెట్టారంట. అయ్యగారింట్లో ఉండి చదువుకుందువుగాని. సెలవులకి నా దగ్గరికొద్దువుగాని. ఆయన ఊఁ అనాలి మరి" అంది.

అయ్యగారంటే కాగితాలు చూసిపెట్టిన ఆయనే. మస్కట్‌లో ఏదో కంపెనీ గోదాములో స్టోర్‌కీపరు. శుక్రవారం ప్రార్థన ఆయన ఇంట్లోనే జరిగేది, నడిపేది ఆయనే. అందుకని అక్కడి తెలుగు క్రైస్తవులంతా అయ్యగారనే పిలిచేవాళ్ళు. ఆయన ఊఁ అంటే నేను అమ్మ దగ్గర ఉంటాను. లేకపోతే హాస్టలు. ఆ వేసవి అంతా ఆ ఒక్క ఊఁ కోసం ఎదురుచూశాం.

ఊరికి రోడ్డు లేదు. ఎండిన వాగులో జీపు రాళ్ళ మీద దొర్లుకుంటూ కొండ కింద దాకా వచ్చేది. అక్కడినుంచి గాడిదల మీద రావాలి. వైద్యశాల అంటే రాతి ఇంట్లో రెండు గదులు. ఒక గదిలో మందులు, ఒక గదిలో మేము. డాక్టరు ఎప్పుడో వచ్చి ఎప్పుడో పోయేవాడు. మిగతా రోజుల్లో అమ్మే డాక్టరు, అమ్మే మంత్రసాని. ఆవిడకి జబ్బుల అరబీ మాత్రం వచ్చేది. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, నోరు తెరువు, ఊపిరి పీల్చు. అంతకుమించి ఒక్క మాట కావాలన్నా కరీంనగర్ అన్న రావాల్సిందే. ఆయన వాగు పక్కన బాట వేసే కంపెనీలో కూలీ. ఉర్దూ ఇంటి దగ్గరే వచ్చు, అరబీ సైటు మీద నేర్చుకున్నాడు. చెయ్యి కోసుకుని కట్టు కట్టించుకోవడానికొచ్చి, తెలుగు మాట విన్నందుకు ఏడ్చినంత పని చేశాడు. అప్పటినుంచి డ్యూటీ లేని రోజుల్లో వచ్చి గుమ్మంలో కూర్చునేవాడు.

నా అరబీ వేరు. అది పక్కింటి ముసలావిడ దగ్గర నేర్చుకున్నది. నీళ్ళు, రొట్టె, మేక, రా, పో, తిను, సిగ్గులేనిదానా. ఆవిడని నేను మామ్మా అని పిలిచేదాన్ని. ఆవిడ దానికే పలికేది. మోకాళ్ళ నొప్పులకి అమ్మ దగ్గరికి వచ్చి, నన్ను చూసి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మళ్ళీ సాయంత్రం దాకా వదల్లేదు.

ఆవిడ దగ్గర లవంగాల వాసన, మేక వాసన, పొగ వాసన కలిసి వచ్చేవి. ఇనప పెనం మీద అరచేత్తో పిండి అలా ఒక్కసారి రాసి లాగేది. మా పూతరేకులంత పలచగా రొట్టె లేచి వచ్చేది. దాన్ని మజ్జిగలో ముంచి, ఖర్జూరంతో నంజుకుని తినేవాళ్ళం. గులాబీలు పూసే రోజులవి. తెల్లవారగానే కొండవాలు మళ్ళలోకి వెళ్ళి గంపలకొద్దీ కోసుకొచ్చి, మట్టిపొయ్యిల్లో పెట్టి, రాగిగిన్నెల్లో పన్నీరు దించేవాళ్ళు. ఊరంతా పొగ, ఊరంతా గులాబీ. ఆ పన్నీరు అంగళ్ళలో అమ్మేదానిలా తియ్యగా ఉండదు. కాలిన వాసన ఉంటుంది. నేను గంపలోంచి రేకులు దొంగిలించి దిండులో కూరుకునేదాన్ని. ఒకసారి అమ్మ సీసాలోంచి పుండ్లకి పూసే ఊదామందు తెచ్చి మామ్మ మేకకి కనుబొమలు దిద్దాను. మామ్మ దాన్ని చూసి నేల మీద కూర్చుని నవ్వింది. వారం రోజులు ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ మేకని చూడ్డానికొచ్చారు.

ఊరు చుట్టూ ఉన్నవన్నీ నాకు మామ్మే చూపించింది. గుహలో గోడలు నల్లగా మసిపట్టి ఉండేవి. పాత యుద్ధంలో విమానాలు వచ్చి బాంబులేస్తుంటే ఊరు ఊరంతా ఆ గుహలోనే దాక్కుందట. మామ్మ రెండో కొడుకు అక్కడే పుట్టాడు. అక్కడే పోయాడు కూడా. ఆ సంగతి వేళ్ళతో చూపించి, విమానంలా చప్పుడు చేసి చెప్పింది. బురుజు మీదినుంచి వాగు మలుపు దాకా కనిపించేది, ఎవరు వస్తున్నా ముందే తెలిసేది. దాని వెనక రాతిలో గవ్వలుండేవి. సముద్రపు గవ్వలు, కొండ నెత్తిన, రాయిగా మారిపోయి. అంతర్వేది ఇసకలో నేను ఏరుకున్నవాటిలాంటివే. గోళ్ళు విరిగేదాకా పీకాను, ఒక్కటీ ఊడిరాలేదు.

కాని అన్నిటికన్నా ముందు చూపించింది నీళ్ళు. కొండ కడుపులోంచి తవ్వి తెచ్చిన కాలువ, వాళ్ళు ఫలజ్ అంటారు, ఊరి పైభాగంలో ఒక బండ కింద బయటికొస్తుంది. అక్కడ నడుం లోతు మడుగు, దిగడానికి మెట్లు. ఆ మడుగులో బిందె ముంచడం తప్ప ఇంకేమీ చేయకూడదు. చెయ్యి కడగకూడదు. అక్కడినుంచి కిందికి పారితే మసీదు దగ్గర కాళ్ళు కడుక్కునే చోటు, దాని కింద మగవాళ్ళ స్నానాల గది, దాని కింద ఆడవాళ్ళది, ఆ తరవాత గిన్నెలు, బట్టలు, చిట్టచివర తోటలు. ఒకరి తరవాత ఒకరికి తోటలకి నీళ్ళ వంతు. నీడ ఎంత జరిగిందో చూసి, పిల్లకాలువకి అడ్డం కుక్కిన గుడ్డ తీసేవాళ్ళు, పెట్టేవాళ్ళు. మొదటిరోజు నేను ఆ మడుగులో కాలు పెట్టబోతే మామ్మ నా పిక్క మీద చిన్న దెబ్బ వేసింది. మళ్ళీ ఆవిడ కొట్టాల్సిన అవసరం రాలేదు. మా కోనసీమలో ఒకే కాలువలో గేదెలు కడిగేవాళ్ళు, పక్కనే బట్టలుతికేవాళ్ళు, ఇంకో పక్క బిందె ముంచేవాళ్ళు. ఇక్కడ అలా కాదని నాకు ఒక్క దెబ్బతో తెలిసింది.

గులాబీల కాలం అయిపోయి, ఆప్రికాట్ కాయలు పండుతుండగా కబురొచ్చింది. అయ్యగారు, అమ్మగారు, ఇంకో రెండు కుటుంబాలు మా ఊరు చూడ్డానికి వస్తున్నారు. అమ్మ నన్ను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. చూడదగ్గవన్నీ నేనే తిప్పి చూపించాలి, వినయంగా ఉండాలి, ఎదురు చెప్పకూడదు. అంతా బాగా జరిగితే ఆ రోజే బడి మాట ఎత్తుతానంది. నేను రెండు రోజులు ఏది ముందు, ఏది వెనక అని మనసులో వల్లెవేసుకున్నాను.

వాళ్ళు జీపుల్లో కోడి పలావు గిన్నెలు, గోంగూర సీసా, చాపలు వేసుకుని వచ్చారు. కింద నుంచి సామాను మోయించడానికి కరీంనగర్ అన్న వెళ్ళాడు. ఖురియాత్‌లో పనిచేసే ఒక చిన్న నర్సు కూడా వచ్చింది. తెల్లచీర, తలకి తడిసేంత కొబ్బరినూనె. ఎవరితోనూ మాట్లాడకుండా పెదవులు కదుపుకుంటూ నడిచింది. ఆ అక్క ఎందుకొచ్చిందో అప్పటికి నాకు తెలియదు.

బురుజు చూపించాను. అయ్యగారు దాని మీద ఎక్కి ఆయాసపడ్డారు. గుహ చూపిస్తే మసి అంటుతుందని అమ్మగారు లోపలికి రాలేదు. రాతి గవ్వలు చూపించగానే ఆయన అందరినీ చుట్టూ నిలబెట్టి, నోవహు కాలంలో వచ్చిన జలప్రళయం గురించి చాలాసేపు చెప్పారు. దీన్ని కనిపెట్టింది తనే అన్నట్టు చెప్పారు. మామ్మ చూపించిందండీ అన్నాను. ఎవరూ వినలేదు.

తరవాత ఫలజ్ మొదలు దగ్గరికి తీసుకెళ్ళాను. నీళ్ళు చూడగానే ఆయన మొహం మారిపోయింది. మస్కట్‌లో ఇన్ని మంచినీళ్ళు ఒకచోట ఎక్కడుంటాయి. అద్దంలా, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. "ఇంకేం కావాలమ్మా. దేవుడే ఏర్పాటు చేశాడు" అని ఆ నర్సు వైపు తిరిగారు. అప్పుడు అర్థమైంది, ఆ అక్క బాప్తిస్మం కోసం వచ్చిందని. సముద్రంలో ఇద్దామనుకుని, అలల వల్ల వాయిదా వేస్తూ వచ్చారట.

నేను ఆయన ముందుకెళ్ళి నిలబడి చెప్పాను. ఇక్కడ దిగకూడదండీ, ఇవి తాగే నీళ్ళు, ముంచుకోవడానికే. కింద బట్టలుతికే చోటుంది, అక్కడ ఎవరూ ఏమీ అనరు, నేను చూపిస్తాను.

"పారే నీళ్ళేగా. మన కాలవల్లో ఇవ్వటం లేదా?" అన్నారాయన, నాతో కాదు, అమ్మతో. "ప్రభువు యొర్దాను నదిలో దిగేటప్పుడు పిల్లల్ని అడిగి దిగారా?"

అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. నేను మళ్ళీ చెప్పాను. అయ్యగారి మొహంలో నవ్వు పోయింది. అమ్మ నా చెయ్యి పట్టి వెనక్కి లాగి, "నోర్ముయ్యవే" అంది. కరీంనగర్ అన్న గిన్నెలు దించి కాస్త దూరంగా నిలబడి ఉన్నాడు. "పాప చెప్పేది నిజమే సార్, ఈళ్ళకు ఇది శాన పట్టింపు" అన్నాడు మెల్లగా. సామాను మోసేవాడి మాట ఎవరు వింటారు.

పాట ఎత్తుకున్నారు. ఆయన చెప్పులు విప్పి, పంట్లాం మడిచి, మెట్లు దిగారు. ఆ అక్కని వెనక్కి వాల్చి ముంచి లేపారు. ఆవిడ ఏడుస్తోంది, సంతోషంతోనే. నాకు ఆ అక్క మీద ఏమీ లేదు. నేను చూస్తున్నది నీళ్ళనే. కొబ్బరినూనె రంగురంగులుగా తేలి, మెల్లగా జరిగి, కాలువలోకి పోతోంది.

బిందెలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు మలుపు తిరిగి వచ్చారు. చూశారు. అరవలేదు. అందులో ఒకావిడ ఒంగి, నీళ్ళు దోసిట పట్టి వాసన చూసి, పారబోసింది. ఖాళీ బిందెలతోనే తిరిగి వెళ్ళిపోయారు. అయ్యగారు వాళ్ళకి చెయ్యెత్తి నమస్కారం కూడా పెట్టారు.

పలావు తింటుండగా పిలుపొచ్చింది. ఊరి మగవాళ్ళు కూర్చునే పొడుగాటి గది ఒకటి ఉండేది, తగాదాలన్నీ అక్కడే తీరేవి. నీళ్ళ వంతులు చూసే పెద్దాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మా అందరికీ ముందు ఖర్జూరాలు పెట్టారు, కాఫీ పోశారు. ఆ తరవాతే మాట మొదలుపెట్టాడు, అదీ కోపంగా కాదు. మడుగు ఖాళీ చేసి కడగాలి. అందాకా వచ్చే నీళ్ళన్నీ వాగులోకి వదిలేయాలి. ఈ వేళ వంతు ఉన్న తోటకి నీళ్ళు లేవు, మళ్ళీ వంతు వచ్చేదాకా ఆ చెట్లు ఆగాలి. కరీంనగర్ అన్న ఒక్కొక్కటే తెలుగులో చెప్పాడు. వంతు ఎవరిదో అతను చెప్పకముందే నాకు తెలుసు. ఆ రోజు మామ్మది. గుమ్మం బయట ఆడవాళ్ళలో ఆవిడా నిలబడి ఉంది.

వచ్చినవాళ్ళు అతిథులు, వాళ్ళకి తెలియదు, వాళ్ళ మీద తప్పు లేదు, అన్నాడు పెద్దాయన. కాని వాళ్ళని ఆ చోటికి ఎవరు తీసుకెళ్ళారు, అక్కడ దిగొచ్చని ఎవరు చెప్పారు, అది ఊరికి తెలియాలి.

అన్న దాన్ని తెలుగులో చెప్పి ఆగాడు. అయ్యగారు కాఫీ గిన్నెలోకి చూస్తున్నారు. తడిసిన పంట్లాం అంచులోంచి నీళ్ళు చాప మీదికి కారుతున్నాయి. ఆయన చెప్పాలి. ఒక్క మాట, నేనే దిగానండీ, పాప వద్దంది అంటే అయిపోయేది. అతిథి కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు కూడా. ఆ మాట పెద్దాయన అప్పటికే అనేశాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది.

"పాపే తీసుకెళ్ళింది. దిగొచ్చని అదే చెప్పింది. చిన్నపిల్ల, దానికి తెలియదు" అంది.

అన్న అమ్మ వైపు తిరిగాడు. "గిట్లనే చెప్పాల్నా, సిస్టరమ్మా?"

"చెప్పినట్టు చెప్పు."

చెప్పాడు. నాకు ఆ అరబీ అంతా అర్థమైంది. నేను "లా" అన్నాను. కాదు అని. ఇంకో మాట నోట్లోంచి రాకముందే అమ్మ వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. పుండు కోసేటప్పుడు కదిలే పిల్లల్ని పట్టుకుంటుందే, అలా పట్టుకుంది. పెద్దాయన నన్ను చూసి తల ఊపాడు. చిన్నపిల్ల, సరే, అన్నాడు. మళ్ళీ కాఫీ పోశారు. అక్కడితో అయిపోయింది, వాళ్ళందరికీ.

జీపు ఎక్కేముందు అమ్మ బడి మాట ఎత్తింది. అయ్యగారు చెప్పులో రాయి దులుపుకుంటూ విన్నారు. "పెద్దలకి ఎదురు చెప్పే పిల్లమ్మా ఇది. మా ఇంట్లోనూ ఆడపిల్లలున్నారు. దీనికి హాస్టలే మంచిది" అన్నారు. "అలాగేనండి" అంది అమ్మ. ఎదురు చెప్పింది దేని గురించో, చెప్పింది నిజమో కాదో, ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

మర్నాడు మామ్మ ఇంటికి వెళ్ళాను. పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. మామ్మా అన్నాను. పలకలేదు. మిగతా ఊరు చిన్నపిల్ల, తెలియదు అనుకుంది. ఆవిడ అలా అనుకోవడానికి వీల్లేదు. నాకు నేర్పింది ఆవిడే. అంటే నేను తెలిసి తెలిసి, ఆవిడ వంతు రోజునే, పరాయివాళ్ళని ఆ నీళ్ళలోకి దింపానన్నమాట. నాకు వచ్చిన అరబీలో దానికి జవాబు లేదు. నేను కాదు అన్నాను, అయ్యగారు అన్నాను, అమ్మ అన్నాను. మాటలు విడివిడిగా వచ్చాయి. ఆవిడ ఒక రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. ముష్టివాళ్ళకి పెట్టినట్టు గుమ్మం దగ్గరే పెట్టింది. ఆ తరవాత మోకాళ్ళకి మందు కోసం వచ్చినప్పుడు కూడా అమ్మతోనే మాట్లాడింది.

కరీంనగర్ అన్న ఒకరోజు గుమ్మంలోకి వచ్చి, "నేను జెప్పకుంటే మీ అమ్మ నౌకరీకి తిప్పలొచ్చు పాపా, గందుకే" అన్నాడు. నేను లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆప్రికాట్లు మిద్దెల మీద ఆరబోస్తున్న రోజుల్లో నన్ను గాడిద మీద కిందికి దింపారు. దారి మలుపు తిరిగేదాకా వెనక్కి చూశాను. మామ్మ తోటలో చెట్లు ఆకులు ముడుచుకుని కనిపించాయి.

అమ్మ ఆ ఊళ్ళో ఇంకా చాలా ఏళ్ళు పనిచేసింది. ఊళ్ళో సగంమంది పిల్లలు ఆవిడ చేతుల మీద పుట్టారు. వచ్చేసేటప్పుడు ఊరంతా కిందిదాకా దిగి సాగనంపారట, పన్నీరు సీసాలు ఇచ్చారట. నేను పెద్దయ్యాక ఒకసారి నేరుగా అడిగాను, ఎందుకలా చెప్పారని. "చిన్నదానివి. నీ మీద వేస్తే ఊరు క్షమిస్తుందనుకున్నాను. క్షమించింది కదా" అంది. క్షమించడానికి నేనేం చేశానని అడగాలి కదా. అడగలేదు. అయ్యగారు పోయినప్పుడు స్మారక కూటంలో, అరేబియా కొండల మధ్య ఆయన ఇచ్చిన బాప్తిస్మం గురించి ఎవరో గొప్పగా చెప్పారు. నేను మధ్యలో లేచి బయటికొచ్చేశాను. అమ్మ కూర్చునే ఉంది.

గాడిద మీద దిగి వచ్చాక, అమ్మ మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు హాస్టలు గుమ్మంలో నన్ను చూసి చేతులు చాచింది. నేను దగ్గరికి వెళ్ళకుండా, ప్రయాణం బాగా జరిగిందాండీ, అని అడిగాను. అంతకుముందు అమ్మని నువ్వు తప్ప ఇంకో మాట అనలేదు. అప్పటినుంచి మీరు తప్ప ఇంకో మాట అనలేదు. ఆవిడ బంధువులందరి దగ్గరా మురిసిపోయింది, హాస్టల్లో మా పిల్లకి ఎంత మర్యాద నేర్పారో చూడండి అని. ఆవిడ నిజంగానే అలా అనుకుంటోందని నేనూ చాలాకాలం అనుకున్నాను.

చివరి రోజుల్లో మంచంలో ఉన్నప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. అన్నీ నేనే చేశాను, ఎవరూ వేలెత్తి చూపడానికి లేకుండా చేశాను. ఒక మధ్యాహ్నం దాహం అంది. గ్లాసు తెచ్చాను. అందుకోకుండా నా మొహంలోకి చూసి, "ఒక్కసారి నువ్వు అనవే నన్ను" అంది.

నేను ఆవిడ మెడ కింద చెయ్యి వేసి లేవదీసి, గ్లాసు పెదవుల దగ్గర పెట్టి, "తాగండి" అన్నాను.